నాచు విషానికి బ్యాక్టీరియా విరుగుడు: చెరువులో కాదు, వడపోతలో

1979 నవంబరులో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరానికి దగ్గరగా ఉన్న పామ్ ఐలాండ్ అనే దీవిలో 148 మంది జబ్బుపడ్డారు. వాళ్లలో అత్యధికులు పిల్లలు. వాంతులు, కడుపునొప్పి, కాలేయం వాపు, ఆ తర్వాత రక్త విరేచనాలు. చాలాకాలం కారణం అంతుబట్టక దీన్ని పామ్ ఐలాండ్ వింత జబ్బు అనే పిలిచారు. ఎవరెవరికి వచ్చిందో లెక్క తీస్తే, జబ్బుపడ్డవాళ్లంతా సాలమన్ డ్యామ్ నుంచి పైపుల్లో వచ్చే నీళ్లు తాగినవాళ్లేనని తేలింది. అంతకు కొద్ది రోజుల ముందు ఆ జలాశయంలో ఆకుపచ్చ తెట్టు పేరుకుని, నీళ్ల రుచీ వాసనా చెడ్డాయని జనం ఫిర్యాదు చేశారు. అధికారులు మైలుతుత్తం కలిపించారు. తెట్టు చచ్చింది. మనుషులు మంచం పట్టింది ఆ తర్వాతే. తెట్టులోని సిలిండ్రోస్పెర్మాప్సిస్ అనే సూక్ష్మజీవి తన కణంలో దాచుకున్న విషం, ఆ కణం పగలగానే నీళ్లలో కలిసి కుళాయిల దాకా వచ్చింది. చెరువుల్లో నాచును అదుపు చేసే ఏ పద్ధతినైనా, అది రసాయనమైనా సూక్ష్మజీవి అయినా, ఈ సంఘటన ముందు నిలబెట్టి ప్రశ్నించాలి. నువ్వు తెట్టును చంపుతావా, విషాన్ని పోగొడతావా? ఈ రెండూ ఒక పని కావు. బ్యాక్టీరియాతో నాచును అదుపు చేయొచ్చన్న మాట ఇప్పుడు ప్రయోగశాలల్లోనూ, మార్కెట్‌లోనూ బాగా వినిపిస్తోంది కాబట్టి ఈ తేడాను మరింత జాగ్రత్తగా చూడాలి. సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇది: బ్యాక్టీరియాను తెట్టు మీదికి ఆయుధంగా చెరువులోకి వదలడం నమ్మదగిన పని కాదు. విషాన్ని విరిచే బ్యాక్టీరియాను నీటిశుద్ధి కేంద్రంలోని ఇసుక పడకల్లో పెంచడం నమ్మదగిన పని.

ముందు ఈ తెట్టు ఏమిటో చూద్దాం. మంచినీటి చెరువుల్లో ప్రమాదకరంగా పెరిగేది చాలావరకు సయనోబ్యాక్టీరియా. చూడటానికి మొక్కల్లా పచ్చగా ఉండి, సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకుంటాయి గానీ ఇవి బ్యాక్టీరియా కుటుంబానికి చెందినవి. భూమి మీద గాలిలోకి ప్రాణవాయువును మొదట నింపినవి వీటి పూర్వీకులే. మైక్రోసిస్టిస్, డాలికోస్పెర్మమ్ వంటి జాతుల కణాల్లో గాలి నిండిన అతిచిన్న తిత్తులు ఉంటాయి. వాటి సాయంతో అవి వెలుతురు కోసం పైకి తేలుతాయి. నీళ్లు వెచ్చబడి, గాలి ఆగి, పొలాల నుంచో మురుగు కాల్వల నుంచో భాస్వరం, నత్రజని పుష్కలంగా వచ్చి చేరినప్పుడు ఇవి కొద్ది రోజుల్లోనే నీటి మీద తెట్టు కడతాయి. వాటిలో కొన్ని తయారుచేసే మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయ కణాల్లోకి చొరబడి, అక్కడి ముఖ్యమైన ఎంజైములను కదలనివ్వకుండా చేస్తుంది. జీవితాంతం తాగే నీటిలో ఇది లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. 2014 ఆగస్టు మొదటి వారంలో అమెరికాలోని టోలెడో నగరంలో శుద్ధి చేసిన నీటిలోనే ఈ హద్దు దాటినట్టు తేలింది. నగరానికి నీరిచ్చే ఈరీ సరస్సు పశ్చిమ భాగంలో అప్పుడు మైక్రోసిస్టిస్ తెట్టు కట్టి ఉంది. దాదాపు 4 లక్షల మందికి కుళాయి నీళ్లు తాగొద్దని చెప్పారు, మరిగించొద్దని కూడా చెప్పారు. మామూలుగా నీళ్లు బాగోలేవంటే కాచి తాగమంటాం. మైక్రోసిస్టిన్ కాచినా పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. ఆ రోజుల్లో ఆ ఊళ్లో దుకాణాల్లో నీళ్ల సీసాలు దొరకడమే కష్టమైంది.

ఇలాంటి తెట్టును తినే, పగలగొట్టే బ్యాక్టీరియా ప్రకృతిలో ఉన్నాయన్న సంగతి కొత్తది కాదు. 1970లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మోషే షీలో చేపల చెరువుల నుంచి వేరుచేసిన ఒక మిక్సోబ్యాక్టీరియం సయనోబ్యాక్టీరియాను ఎలా కరిగిస్తుందో వివరించాడు. మరుసటి ఏడాది స్కాట్లండ్‌లో డాఫ్ట్, స్టువర్ట్ అనే ఇద్దరు ఇలాంటివే మరికొన్నింటిని చూపించారు. సూక్ష్మదర్శిని కింద ఈ వేట చూడదగింది. సన్నని కడ్డీ ఆకారంలో ఉన్న బ్యాక్టీరియా జారుకుంటూ వచ్చి, నాచు పోగుకు తన కొసతో అతుక్కుంటుంది. తన ఎంజైములతో దాని కణకవచాన్ని కొరికేస్తుంది. పచ్చని పోగు పాలిపోయి, చివరికి ఖాళీ గొట్టంలా మిగులుతుంది. మరికొన్ని జాతులకు తాకాల్సిన పని కూడా లేదు. కొన్ని బాసిల్లస్, స్ట్రెప్టోమైసిస్ జాతులు దూరం నుంచే నీటిలోకి పదార్థాలు వదిలి నాచును చంపుతాయి. జపాన్‌లో ఒక స్ట్రెప్టోమైసిస్ వదిలే పదార్థాన్ని పట్టి చూస్తే అది మన ఆహారంలో ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లమేనని తేలింది. మనకు పోషకమైనది మైక్రోసిస్టిస్‌కు మృత్యువు. గత యాభై ఏళ్లలో ఇలా నాచును చంపే బ్యాక్టీరియా చాలా దేశాల చెరువుల్లో దొరికాయి. గాజు సీసాలో ప్రయోగం చేస్తే చాలావరకు ఫలితం అద్భుతంగా ఉంటుంది. పచ్చగా ఉన్న సీసా కొద్ది రోజుల్లో తేరుకుంటుంది. అంత కాలంగా తెలిసిన విద్య నేటికీ పెద్ద జలాశయాల్లో మామూలు పద్ధతి ఎందుకు కాలేదన్నదే అసలు ప్రశ్న.

మొదటి కారణం సంఖ్య. ప్రయోగశాలల్లో నాచును గణనీయంగా చంపాలంటే సాధారణంగా మిల్లీలీటరు నీటికి 10 లక్షలు, ఒక్కోసారి అంతకు పదింతలు వేటగాళ్లు కావాలి. ఒక చిన్న లెక్క వేద్దాం. 25 ఎకరాల విస్తీర్ణం, సగటున 2 మీటర్ల లోతు ఉన్న ఊరి చెరువు అంటే సుమారు 2 లక్షల ఘనపు మీటర్ల నీరు. కర్మాగారంలో బాగా పెంచిన బ్యాక్టీరియా ద్రవంలో మిల్లీలీటరుకు 100 కోట్ల కణాలు ఉంటాయనుకుంటే, చెరువంతటా మిల్లీలీటరుకు 10 లక్షలు చేర్చడానికి 2 లక్షల లీటర్ల ద్రవం పోయాలి. అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 20. ఇది ఒక్క చిన్న చెరువుకు, ఒక్కసారికి. రెండో కారణం, పోసినవి బతకకపోవడం. చెరువులో బ్యాక్టీరియానే తిని బతికే ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులు ఎప్పుడూ ఉంటాయి. వాటికి ఈ 20 ట్యాంకర్లూ విందు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ అలెగ్జాండర్ బృందం 1985లో సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుంది. ప్రయోగశాల ద్రవాల్లో కాలుష్య రసాయనాలను చక్కగా తినేసే బ్యాక్టీరియాను సహజ జలాల్లో వదిలితే పని చేయకపోవడానికి కారణాలేమిటి? వాళ్లు చూపిన కారణాల్లో ప్రోటోజోవాల వేట ఒకటి, తినాల్సిన పదార్థం మరీ పలచగా ఉండటం ఇంకొకటి, పక్కనే అంతకంటే సులువైన తిండి దొరకడం మరొకటి. నాచును చంపే బ్యాక్టీరియాకు ఈ మూడూ వర్తిస్తాయి. మూడో కారణం నాచు స్వభావం. సీసాలో పెంచిన మైక్రోసిస్టిస్ చాలాసార్లు విడివిడి కణాలుగా ఉంటుంది. చెరువులో అదే జీవి వందల కణాల గుంపుగా, చుట్టూ జిగురు పొర కప్పుకుని ఉంటుంది. సీసాలో గెలిచిన వేటగాడు చెరువులో ఆ జిగురు దాటాలి.

సరే, ఈ అడ్డంకులన్నీ దాటి బ్యాక్టీరియా గెలిచిందే అనుకుందాం. కష్టాలు అప్పుడే మొదలవుతాయి. మైక్రోసిస్టిన్‌లో అత్యధిక భాగం బతికున్న కణాల లోపలే ఉంటుంది. కణం పగిలితే అది నీళ్లలో కలుస్తుంది. దీనికి ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు జోన్స్, ఓర్ 1994లో ప్రచురించిన కొలతలు కళ్లకు కట్టే సాక్ష్యం. విహారానికి వాడే ఒక చెరువులో మైక్రోసిస్టిస్ తెట్టును రాగి మందుతో చంపాక, నీటిలో కరిగిన మైక్రోసిస్టిన్ లీటరుకు 1,300 నుంచి 1,800 మైక్రోగ్రాముల దాకా పెరిగింది. తాగునీటి హద్దు 1 మైక్రోగ్రామని గుర్తుంచుకుంటే ఆ అంకె అర్థమవుతుంది. తొమ్మిది రోజుల పాటు అది దాదాపు తగ్గలేదు. అక్కడ చంపింది రాగి. కానీ రాగి పగలగొట్టినా, మిక్సోబ్యాక్టీరియం కొరికినా పగిలిన కణంలోని విషం ఒకటే. రసాయనం కాదు కాబట్టి సురక్షితం అనే మాట ఇక్కడ అక్కరకు రాదు. రెండో కష్టం ప్రాణవాయువు. ఒకేసారి చచ్చిన తెట్టు కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తుంది, చేపలు ఊపిరాడక చస్తాయి. 2007 వేసవిలో చైనాలోని తైహు సరస్సు ఒడ్డున వూషీ నగరంలో దాదాపు 20 లక్షల మందికి తాగునీరు లేకుండా పోయింది. అక్కడ కుళాయి నీళ్లను ముక్కు దగ్గర పెట్టుకోలేని స్థితికి తెచ్చినవి ప్రధానంగా కుళ్లిన తెట్టు వదిలిన గంధక పదార్థాలే. మూడో కష్టం పోషకాలది. పగిలిన కణాల్లోని భాస్వరం ఎక్కడికీ పోదు, తిరిగి నీళ్లలోకే వస్తుంది. దాన్ని అందుకోవడానికి మరో జాతి సిద్ధంగా ఉంటుంది. లైసీన్‌తో చేసిన క్షేత్ర ప్రయోగంలో మైక్రోసిస్టిస్ త్వరగా మాయమైంది, దాని స్థానంలో యూగ్లీనా వంటి వేరే రకం నాచు పెరిగింది.

జోన్స్, ఓర్ కొలతల్లో రెండో సగం కూడా ఉంది. ఈ కథలో ఆశ పుట్టేది అక్కడే. తొమ్మిది రోజులు కదలని విషం ఆ తర్వాత మూడు రోజుల్లోనే 90 శాతానికి పైగా మాయమైంది. అంత హఠాత్తుగా మాయమవడం రసాయన విచ్ఛిత్తి లక్షణం కాదు. ఆ తొమ్మిది రోజుల్లో నీటిలో ఏదో జీవి కొత్త తిండికి అలవాటుపడి, సంఖ్య పెంచుకుని, ఆపై విందుకు కూర్చుంది. ఆస్ట్రేలియా పరిశోధకులే అలాంటి జీవిని నీటి నుంచి వేరుచేశారు. స్ఫింగోమోనాస్ అనే జాతికి చెందిన ఆ బ్యాక్టీరియాకు ఏసీఎం-3962 అని సంఖ్య ఇచ్చారు. 1996లో డేవిడ్ బోర్న్, తోటి పరిశోధకులు అది విషాన్ని ఎలా విరుస్తుందో దశల వారీగా చూపించారు. మైక్రోసిస్టిన్ అంటే ఏడు అమైనో ఆమ్లాలు గుండ్రంగా కట్టుకున్న ఉంగరం. ఆ గుండ్రని రూపమే దానికి గట్టిదనం ఇస్తుంది. కాచినా విడిపోకపోవడానికి, మామూలు జీర్ణ ఎంజైములకు లొంగకపోవడానికి కారణం అదే. స్ఫింగోమోనాస్ ఎంజైము ఆ ఉంగరాన్ని ఒకే ఒక్క చోట, ఆడా అనే అసాధారణ అమైనో ఆమ్లానికీ ఆర్జినీన్‌కూ నడుమ తెంపుతుంది. ఏడు పూసల దండలో దారం ఒకచోట తెగితే మిగతా పూసలు రాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. తెగిన మరుక్షణమే విషం తీవ్రత సుమారు 160 రెట్లు పడిపోతుంది. తర్వాతి ఎంజైములు మిగిలిన పోగును నాలుగు అమైనో ఆమ్లాల ముక్కగా, ఆపై ఇంకా చిన్న ముక్కలుగా కోస్తాయి. ఈ పనికి కావలసిన జన్యువులు ఒకేచోట గుంపుగా ఉంటాయి. ఎమ్‌ఎల్‌ఆర్ జన్యువులు అని వాటికి పేరు. అదే జన్యువులున్న బ్యాక్టీరియా తర్వాత ఎన్నో దేశాల్లో దొరికాయి. తెట్టు కట్టే చెరువుల్లో తెట్టు విషాన్ని తినే జీవి సహజంగానే కాపురముంటోందని దీని అర్థం. ఇది నాచును ముట్టుకోదు, కణాన్ని పగలగొట్టదు. బయట పడ్డ విషాన్ని మాత్రమే తిని బతుకుతుంది. మనకు కావలసిన పని సరిగ్గా ఇదే.

దీన్ని ఎక్కడ పెంచాలన్న ప్రశ్నకు జవాబు నీటి శుద్ధిలో చాలా పాతది. 1829లో లండన్‌లో జేమ్స్ సింప్సన్ థేమ్స్ నీటిని ఇసుక పడకల గుండా నెమ్మదిగా వడకట్టడం మొదలుపెట్టాడు. ఆ ఇసుక మురికిని పట్టుకోవడమే కాదు, దాని పైపొరలో సూక్ష్మజీవుల జిగట పొర ఒకటి ఏర్పడి నీటిలోని సేంద్రియ పదార్థాన్ని తింటుంది. దాని విలువ 1892లో జర్మనీలో తేలింది. ఎల్బే నది నీటిని వడకట్టకుండా తాగిన హాంబర్గ్ నగరంలో కలరాకు సుమారు 8,600 మంది బలయ్యారు. అదే నదిలో హాంబర్గ్ కన్నా దిగువన, మరింత మురికి నీటిని తీసుకున్న ఆల్టోనా పట్టణం ఇసుక వడపోత వల్ల చాలావరకు బయటపడింది. మైక్రోసిస్టిన్ విషయంలోనూ ఇదే దారి పని చేస్తుందని ఆస్ట్రేలియాలో లయొనెల్ హో బృందం చూపింది. 2007లో వాళ్లు ఒక జీవ ఇసుక వడపోత పడక నుంచే మైక్రోసిస్టిన్‌ను విరిచే సూక్ష్మజీవిని వేరుచేశారు. అంటే ఎవరూ పొయ్యకుండానే అది అక్కడ స్థిరపడింది. టోలెడో సంక్షోభం తర్వాత అక్కడి విశ్వవిద్యాలయంలోనూ ఈరీ సరస్సు నీటి నుంచే అలాంటి బ్యాక్టీరియాను వేరుచేసి, వడపోత పడకల్లో వాడే దిశగా పరిశోధన సాగింది. చెరువులో ఓడిన జీవి ఇక్కడ ఎందుకు గెలుస్తుంది? చెరువులో బ్యాక్టీరియా విషాన్ని వెతుక్కుంటూ తిరగాలి. వడపోతలో విషమే దాని దగ్గరకు నిరంతరం ప్రవహించి వస్తుంది. ఇసుక రేణువుకు అంటుకుని ఉంటుంది కాబట్టి కొట్టుకుపోదు. దానికి 20 ట్యాంకర్లు అక్కర్లేదు, పడకలోనే పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అది పని చేసిందో లేదో పడక ముందు ఒకసారి, వెనక ఒకసారి నీటిని పరీక్షిస్తే తేలిపోతుంది. చెరువులో అలాంటి కొలత దాదాపు అసాధ్యం.

అయితే ఈ పద్ధతికీ షరతులున్నాయి, అవి దాచకూడదు. నీరు పడకలోకి చేరేముందే బతికున్న నాచు కణాలను, పగలకుండా, పటికతో గడ్డకట్టించి తీసేయాలి. చాలా శుద్ధి కేంద్రాల్లో అలవాటుగా మొదటే క్లోరిన్ వేస్తారు. తెట్టు ఉన్న రోజుల్లో అలా వేస్తే పామ్ ఐలాండ్‌లో మైలుతుత్తం చేసిన పనే క్లోరిన్ చేస్తుంది, కణాలను పగలగొడుతుంది. పడకను క్లోరిన్ నీటితో కడిగితే అక్కడి బ్యాక్టీరియా కూడా పోతుంది. కొత్త పడకకు విషం రుచి తెలిసి పనిలో పడటానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. ఆ తొమ్మిది రోజుల నిరీక్షణ గుర్తుందిగా. ఆ వ్యవధిలో పొడి రూపంలోని ఉత్తేజిత బొగ్గు వాడి విషాన్ని పట్టుకోవాల్సిందే. ఇంకో పరిమితి, ఈ ఎంజైము మైక్రోసిస్టిన్ ఉంగరాన్ని తెంపుతుంది గానీ పామ్ ఐలాండ్‌లో పిల్లలను పడేసిన సిలిండ్రోస్పెర్మాప్సిన్‌ను ముట్టుకోదు. దాని నిర్మాణమే వేరు. కాబట్టి చెరువులో ఏ జాతి తెట్టు ఉందో ముందు సూక్ష్మదర్శినిలో చూడటం తప్పనిసరి. ఈ పరిమితులన్నీ కొలవదగినవి, ఇంజనీరు చేతిలో ఉన్నవి. చెరువులో బ్యాక్టీరియా ఎదుర్కొనే పరిమితులు ఎవరి చేతిలోనూ లేవు. నా వాదనకు బలం ఆ తేడాలో ఉంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం మన దగ్గరి నుంచే వస్తుంది. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో చేపల, రొయ్యల రైతులు ఏళ్ల తరబడి ప్రోబయోటిక్స్ వాడుతున్నారు కదా? డ్రమ్ములో బెల్లం, తవుడు కలిపి, బాసిల్లస్ పొడి వేసి, పులిసిన తర్వాత చెరువంతా చల్లడం అక్కడ మామూలు పని. నీళ్లు మెరుగుపడ్డాయని చెప్పే రైతులు తక్కువేం కాదు. వాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయనక్కర్లేదు, అయితే అది దేనికి సాక్ష్యమో చూడాలి. చేపల చెరువులో మేత ఎంత వేయాలో, నీళ్లు ఎప్పుడు మార్చాలో, ఏరియేటర్లు ఎప్పుడు తిప్పాలో రైతు చేతిలో ఉంటుంది. ప్రోబయోటిక్ చల్లిన వారమే మేత తగ్గించి, నీళ్లు మార్చి ఉంటే మెరుగుదల దేని ఖాతాలో వేయాలి? ఈ చిక్కు విప్పడానికి పక్కపక్కన, కొన్నింటిలో చల్లి కొన్నింటిలో చల్లకుండా పోల్చాలి. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బాయిడ్, తోటివారు క్యాట్‌ఫిష్ చెరువుల్లో అలాంటి పోలికలు చేశారు. 1984 ప్రయోగంలో నీటి నాణ్యతలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. 1998 ప్రయోగంలో నీటిలో తేడా స్వల్పమే గానీ చేపల మనుగడ, దిగుబడి మెరుగయ్యాయి. అంటే ప్రోబయోటిక్ పనికిరానిదని కాదు. చేపకు మేలు చేయొచ్చు, నాచు మందుగా మాత్రం రుజువు కాలేదు. పైగా తెట్టు ఒక్కసారిగా చస్తే ఏమవుతుందో ఈ రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెట్టు చచ్చిన మర్నాడు తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఏరియేటర్ల దగ్గరికి పరుగెత్తేది వాళ్లే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. వడపోత మనుషుల గొంతును కాపాడుతుంది సరే, చెరువు గతేమిటి? అందులో దిగే పశువులు, అందులో బతికే చేపలు, దాని గట్టున కాపురముండే జనం? ఇది న్యాయమైన ప్రశ్న. వడపోత చెరువును బాగుచేయదు. కానీ చెరువును బాగుచేసేది బ్యాక్టీరియా చల్లడం కూడా కాదు, పోషకాలను ఆపడం. దీనికి సైన్సులో ఇంతకన్నా స్పష్టమైన రుజువు అరుదు. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సును మధ్యలో తెరకట్టి రెండుగా విడదీసింది. ఒక సగంలో కర్బనం, నత్రజని కలిపారు. రెండో సగంలో ఆ రెండింటితో పాటు భాస్వరం కలిపారు. భాస్వరం పడ్డ సగం పచ్చటి తెట్టుతో నిండిపోయింది, రెండో సగం తేటగానే మిగిలింది. సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సులో 1955లో ఆసిలటోరియా అనే సయనోబ్యాక్టీరియా కనిపించి, నీరు క్రమంగా చిక్కబడింది. శాస్త్రవేత్త డబ్ల్యూ.టి. ఎడ్మండ్‌సన్ హెచ్చరికల నేపథ్యంలో 1963 నుంచి 1968 వరకు మురుగును దశల వారీగా సరస్సులోకి రాకుండా మళ్లించారు. ఏ జీవినీ వదలలేదు, ఏ మందూ చల్లలేదు. సరస్సు కొన్నేళ్లలోనే తేరుకుంది. ఇది ఒక్క సరస్సు కథే కదా అనేవారికి ఈరీ సరస్సే జవాబు. 1972లో అమెరికా, కెనడాల ఒప్పందంతో భాస్వరానికి కళ్లెం వేశాక అది బాగుపడింది. 1990ల మధ్య నుంచి పొలాల నుంచి కరిగిన భాస్వరం మళ్లీ పెరిగేసరికి తెట్టూ మళ్లీ వచ్చింది. తెట్టును రప్పించిందీ పోగొట్టిందీ భాస్వరమే. ఒండ్రులో ఏళ్ల తరబడి పేరుకున్న భాస్వరం మురుగు ఆపాక కూడా కొంతకాలం తెట్టును పోషిస్తుందన్నది నిజం. అందుకే ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యమే ఇప్పుడే మొదలుపెట్టడానికి కారణం కావాలి గానీ, మొదలుపెట్టకపోవడానికి సాకు కాకూడదు.

మూడో అభ్యంతరం రేపటి సాంకేతికత గురించి. ఒక్క మైక్రోసిస్టిస్‌నే చంపి మిగతావాటిని వదిలేసే బ్యాక్టీరియాను, విషాన్ని కూడా వెంటనే తినేసేలా జన్యువులు మార్చిన బ్యాక్టీరియాను రేపు తయారుచేయొచ్చు కదా? తయారుచేయొచ్చు. అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. పగిలిన కణంలోని భాస్వరాన్ని ఏ జన్యువూ మాయం చేయలేదు. రెండోది, జన్యువులు మార్చిన జీవిని వరదలొచ్చే నదీ వ్యవస్థలోకి వదిలాక వెనక్కి పిలవలేం. అదే జీవిని, లేదా అది తయారుచేసే ఎంజైమును, నాలుగు గోడల మధ్య వడపోత గొట్టంలో పెట్టి వాడితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఎంత మెరుగైన బ్యాక్టీరియా వచ్చినా దాని చోటు వడపోతే అన్న మాటను ఈ అభ్యంతరం బలపరుస్తుందే తప్ప తోసిపుచ్చదు.

మన నగరాల చెరువుల విషయానికి వస్తే ఈ తర్కం డబ్బు లెక్కగా మారుతుంది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో మురుగు, దుర్వాసన తగ్గించడానికి బయోరెమిడియేషన్ పేరిట సూక్ష్మజీవుల మిశ్రమాలు చల్లించడం జరిగింది. అందులోకి వచ్చే కూకట్‌పల్లి నాలా మురుగును మళ్లించే పనులూ జరిగాయి. ఈ రెండింటిలో ఒకటి ఏటా మళ్లీ ఖర్చు పెట్టాల్సిన పని, రెండోది కారణాన్ని తాకే పని. దుర్వాసన కొన్నాళ్లు తగ్గడం చిన్న విషయం కాదు, చుట్టుపక్కల నివసించేవాళ్లకు అది ఊరటే. కానీ దాన్ని తెట్టు నివారణగా లెక్కగట్టి, మురుగు మళ్లింపును వాయిదా వేస్తే డబ్బు నీళ్లపాలే. ఏ పురపాలక సంఘమైనా బ్యాక్టీరియాతో నాచు పోగొడతామని వచ్చే కంపెనీతో ఒప్పందం రాసుకునేముందు మూడు ప్రశ్నలు అడగాలి. చల్లిన తర్వాత కనీసం మూడు వారాల పాటు నీటిలో కరిగిన విషాన్ని కొలిచి చూపిస్తారా? చెరువులో ఒక భాగాన్ని చల్లకుండా వదిలి, దానితో పోల్చి ఫలితం చెబుతారా? చచ్చిన తెట్టులోని భాస్వరం ఎటు పోతుంది? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు లేకపోతే సంతకం పెట్టొద్దు. ఆ డబ్బు నాలా మళ్లింపుకు, శుద్ధి కేంద్రంలో ఇసుక పడకకు, విషం కొలిచే పరికరానికి పెట్టండి. అక్కడ పెట్టిన ప్రతి రూపాయి ఫలితాన్నీ పడక ముందు, పడక వెనక నీటిని పరీక్షించి కాగితం మీద చూపించొచ్చు.